చంక దిగని బిడ్డ, నడుముకు కట్టుకునే సీటు: కడపలో నాలుగు నెలల వాడకం తరువాత

మా అబ్బాయికి ఇప్పుడు 18వ నెల నడుస్తోంది. నడక వచ్చినది మొదలు వాడు ఒకచోట నిలవడం లేదు. వసారా నుంచి పెరటి తలుపు దాకా కడప బండల మీద పరుగెత్తడమే వాడి పని. అయితే ఆ పరుగంతా నేను వాడి కంటికి కనిపిస్తున్నంత సేపే. స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నా, బట్టలు ఆరేయడానికి మిద్దె మెట్లెక్కినా ఆట అక్కడికక్కడే వదిలేసి, గొంతు పోయేలా ఏడ్చి, నేను రాగానే కాళ్లకు చుట్టుకుని, ఎత్తుకునేదాకా వదలడు. ఎత్తుకున్న రెండు నిమిషాలకు దిగుతానంటాడు, దించిన రెండు నిమిషాలకు మళ్లీ చేతులు చాపుతాడు. జనవరి చివరికల్లా నా నడుము ఎడమవైపు పట్టేసి, పొద్దున మంచం మీద నుంచి లేవడానికే కష్టమైంది. ఫిబ్రవరి మొదటి వారంలో, అప్పటికి వాడికి 14 నెలలు, వై.వి. స్ట్రీటులో చంటిపిల్లల సామాన్లు అమ్మే ఒక దుకాణంలో 1,850 రూపాయలు పెట్టి హిప్ సీట్ కొన్నాము.

చూడనివారి కోసం దాని తీరు చెబుతాను. అది నడుముకు కట్టుకునే జానెడు వెడల్పు పట్టీ. ఆ పట్టీకి ఒకవైపున చిన్న పీట వంటి భాగం ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. దాని లోపల గట్టి ఫోమ్, పైన కాటన్ గుడ్డ ఉంటాయి. పట్టీని మొదట వెల్‌క్రోతో అతికించి, ఆ పైన ప్లాస్టిక్ బకిల్ బిగించాలి. పీట మన ఒంటివైపుకు కొద్దిగా వాలి ఉండడం వల్ల, అందులో కూర్చున్న బిడ్డ బయటికి జారకుండా మన పొట్టకు గానీ పక్కకు గానీ ఆనుకుంటాడు. భుజాల మీదుగా పట్టీలు వచ్చే రకాలూ ఉన్నాయి. వాటి ధర ఎక్కువ, తొడుక్కోవడానికి పట్టే సమయమూ ఎక్కువ. రెండు నిమిషాలకొకసారి ఎక్కి దిగే పిల్లవాడికి అది కుదరదని మేము పట్టీలు లేనిదే తీసుకున్నాము. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే పట్టీలు లేనిదానిలో బిడ్డ వీపును మన చేయి ఒకటి ఎప్పుడూ పట్టుకునే ఉండాలి. డబ్బా మీద రెండు చేతులూ వదిలేసి నవ్వుతున్న తల్లి బొమ్మ ఉంది. ఆ బొమ్మను ఎవరూ నమ్మవద్దు. ఇది ఇచ్చేది ఒక చేయి మాత్రమే.

ఆ ఒక్క చేయి ఎంత విలువైనదో చంకలో బిడ్డతో ఇల్లు నడిపేవారికి తెలుస్తుంది. బిడ్డను చంకన వేసుకున్నప్పుడు మనకు తెలియకుండానే తుంటిని ఒక పక్కకు నెట్టి, నడుమును వంచి, బరువంతా ఒకే చేతి మీద, ఒకే పక్క మీద మోస్తాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టిక ప్రకారం 18 నెలల మగబిడ్డ సగటు బరువు 10.9 కిలోలు, మావాడు 10.6 ఉన్నాడు. పది కిలోల బియ్యం సంచిని రోజంతా ఒకే పక్కన ఎత్తి దించుతూ ఉంటే నడుము ఏమవుతుందో, నాకు అదే అయింది. ఈ పట్టీని బొడ్డు దగ్గర కాకుండా తుంటి ఎముకల మీద, కొంచెం కిందికి, గట్టిగా బిగించి కట్టుకుంటే ఆ బరువు ఎముకల మీదికి దిగుతుంది, మనిషి నిటారుగా నిలబడగలుగుతుంది. మొదటి వారం నేను పైకి కట్టుకుని, పొట్ట మీద ఒత్తిడితో అన్నం తిన్న వెంటనే ఇబ్బంది పడ్డాను. సరిగ్గా కట్టడం తెలిసిన తరువాత మూడు వారాలకు నడుము నొప్పి పూర్తిగా పోలేదు గాని, పొద్దున లేచేటప్పుడు గోడ పట్టుకునే అవసరం పోయింది.

దీన్ని ఇంటికి తెచ్చిన రోజు మా అత్తమ్మ చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "బిడ్డను ఎత్తుకునేదానికి గూడా బెల్టు కావల్నా మ్మా? ఇట్ల ఎత్తుకుంటాంటే ఇంగ సంక మరుగుతాడు" అన్నారు. చంక మరుగుతాడన్న ఆ భయం మా వీధిలో చాలామంది పెద్దవాళ్లకు ఉంది. నేను ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు, కానీ చదివినదీ చూసినదీ వేరు. తల్లి కనబడకపోతే బిడ్డ బెంబేలెత్తడం సాధారణంగా 8 నెలల వయసులో మొదలై, 10 నుంచి 18 నెలల మధ్య బాగా ముదిరి, ఆ తరువాత మెల్లగా తగ్గుతుంది. అమ్మ కంటికి కనబడకపోయినా ఎక్కడో ఉందని వాడికి అప్పటికే తెలుసు. తిరిగి ఎప్పుడు వస్తుందో మాత్రం తెలియదు. ఆ ఏడుపు మొండితనం కాదు, ఎదుగుదలలో ఒక మెట్టు. ఎత్తుకోకుండా ఏడిపిస్తే వాడు మరింత గట్టిగా అతుక్కోవడమే నేను చూశాను. అడిగిన వెంటనే సీటులో కూర్చోబెట్టుకున్న రోజుల్లో పది నిమిషాలకే కడుపు నిండినట్టు తానే జారి దిగిపోయి, పిల్లి వెంట పడుతున్నాడు.

ఎక్కువగా వాడేది సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్య. ఆ గంట మా ఇంట్లో అందరికన్నా వాడికే కష్టమైన గంట. నిద్ర రాదు, ఆట సాగదు, ఊరికే ఏడుపు. ఇదివరకు ఆ సమయంలో చేతికి ఫోను ఇచ్చేవాళ్లం. ఇప్పుడు వాడిని సీటు మీద వేసుకుని వీధి చివరి దాకా నడిచి వస్తాను, ఎండిన బట్టలు ఒక చేత్తో తీస్తాను, తులసికోట దగ్గర దీపం పెట్టేటప్పుడు పక్కన నిలబడతాను. దీపం వెలిగించేది మాత్రం అత్తమ్మే, ఎందుకంటే వాడి చేయి ఎంత దూరం సాగుతుందో మాకు బాగా తెలుసు.

ఆ కారణం చేతనే పొయ్యి దగ్గర దీన్ని కట్టుకోకూడదని గట్టిగా చెబుతున్నాను. పీట మన ఒంటికి ముందు ఉంటుంది కనుక బిడ్డ చేతులు మన చేతులకన్నా ముందే పొయ్యిని చేరతాయి. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు రాగి సంగటి ఉంటుంది. సంగటి కెలకడానికి రెండు చేతుల బలం కావాలి, ఉడుకుతున్న పిండి చిట్లి పైకి ఎగురుతుంది. ఆ సమయంలో బిడ్డ వంటింటి గడపకు ఇవతలే ఉండాలి, అది ఎవరి చేతుల్లో ఉన్నా సరే. మావాడిని అప్పుడు వాళ్ల జేజినాయన వసారాలో చూసుకుంటారు. ఊరిబిండి పచ్చడి నూరే రోజున వేయించిన చెనిక్కాయలకు కూడా ఇదే వర్తిస్తుంది. సీటు మీద కూర్చున్న బిడ్డకు గట్టు మీది గిన్నె సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది, ఆ వయసు పిల్లల గొంతుకు గింజ అడ్డం పడే ప్రమాదం చాలా ఎక్కువ.

ఎంతసేపు వాడాలన్నది దుకాణంలో ఎవరూ చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఏడాది నుంచి రెండేళ్ల బిడ్డలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలనీ, తోపుడు బండిలో గానీ కుర్చీలో గానీ పెద్దల వీపుకు కట్టుకుని గానీ ఒకే విడత గంటకు మించి కట్టిపడేసినట్టు ఉంచకూడదనీ ఉంది. ఏడాది వయసులో ఫోను, టీవీ అసలు వద్దని కూడా అందులోనే ఉంది. మావాడి విషయంలో గంట ప్రశ్నే రాలేదు, ఇరవై నిమిషాలకు మించి వాడే ఉండడు. శాంతంగా కూర్చునే బిడ్డ ఉన్నవారు మాత్రం గడియారం చూసుకోవాలి, ఎందుకంటే మనకు సుఖంగా ఉన్నంత మాత్రాన వాడికి పరుగు అవసరం తీరిపోదు.

బయట ఇది బాగా పనికొచ్చింది దేవుని కడపలో. ఉగాది నాడు అక్కడి లక్ష్మీవేంకటేశ్వరస్వామి దర్శనానికి, స్వామి దేవేరిగా చెప్పుకునే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా తలచే ముస్లిం కుటుంబాలు కూడా వస్తాయి. వరుస పొడవుగానే ఉంటుంది. ఆ రోజు దాదాపు గంటన్నర నిలబడ్డాము. వాడు దిగి, నలుగురి కాళ్ల మధ్య దూరి, మళ్లీ ఎక్కి, మధ్యలో నా భుజం మీద కాసేపు నిద్రపోయాడు. నా వెనుక చంటిపాపతో నిలబడిన ఒక ఆమె పట్టీని తాకి చూసి, ఎక్కడ దొరుకుతుందని అడిగారు. చేతులు మార్చుకోకుండా, మా ఆయనకు ఇవ్వకుండా అంతసేపు నిలబడగలగడం అంతకు ముందు నాకు సాధ్యమయ్యేది కాదు.

ఇక లోపాలు. వెల్‌క్రో విప్పేటప్పుడు వచ్చే చప్పుడు అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది; భుజం మీద నిద్రపోయిన బిడ్డను మంచం మీద పడుకోబెట్టి, వంగిన నడుముతోనే పక్క గదిలోకి వెళ్లి అక్కడ విప్పుకోవలసి వస్తోంది. పీట అడ్డం రావడం వల్ల నేల మీద కూర్చోవడం, వంగి కింద పడినది తీయడం కుదరవు. నేల మీదే కూర్చుని తినే మాలాంటి ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. పై గుడ్డ విప్పి ఉతుక్కోవచ్చు గాని లోపలి ఫోమ్ తడవకూడదు, ఒకసారి తడిస్తే ఆరడానికి రెండు రోజులు పడుతుంది.

ఎండాకాలం సంగతి వేరుగా చెప్పాలి. కడపలో ఏప్రిల్ సగం నుంచి 40 డిగ్రీలు దాటిన ఎండ. మందపాటి పట్టీ కింద నా నడుము చుట్టూ, ఆనుకున్న చోట వాడి పొట్ట మీద చెమటకాయలు లేచాయి. మే నెలలో పగటిపూట వాడడం పూర్తిగా మానేసి, పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం పొద్దు గూకిన తరువాత మాత్రమే కట్టుకున్నాను. లోపలివైపు జాలీ గుడ్డ ఉన్న రకం దొరికితే మన ఊళ్లవారు అదే తీసుకోవాలి.

మూడో నెలలో బకిల్ దగ్గర కుట్టు వదిలింది. కొన్న దుకాణానికి బిల్లుతో సహా వెళితే, పది రోజులు దాటితే మార్చి ఇచ్చేది లేదన్నారు. 1,850 రూపాయల వస్తువుకు, అందునా బిడ్డ బరువు మోసే వస్తువుకు, పది రోజుల హామీ సరిపోదు. సంచులు కుట్టే ఒకాయన దగ్గర నైలాన్ దారంతో నాలుగు వరుసల కుట్టు వేయించుకున్నాను, 60 రూపాయలు అయింది, ఆ కుట్టు ఇప్పటికీ కదలలేదు. కొనేటప్పుడే బకిల్ రెండు కొసలనూ పట్టుకుని గట్టిగా లాగి చూడండి, వెల్‌క్రో ఒక్కదాని మీదే ఆధారపడే రకాన్ని తీసుకోకండి.

మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె కోసం ఒక పద్ధతి కుదుర్చుకున్నాము: వాడిని ముందు మంచం అంచున నిలబెడతాము, ఆమె దగ్గరగా వచ్చి పీట ఆనిస్తే వాడే కూర్చుంటాడు. నేల మీద నుంచి ఎత్తే పని తప్పింది. "బెల్టు మంచిదే మ్మా" అని ఆమె నోట వినడానికి రెండు నెలలు పట్టింది.

స్కూటర్ మీద బిడ్డను ఈ సీటులో కూర్చోబెట్టుకుని వెళ్లేవారిని ఏడు రోడ్ల దగ్గర రెండుసార్లు చూశాను, రెండుసార్లూ గుండె ఝల్లుమంది. కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో ప్రకటించి, ఏడాది తరువాత అమలులోకి తెచ్చిన నిబంధన ప్రకారం ద్విచక్ర వాహనం మీద నాలుగేళ్ల లోపు బిడ్డను నడిపేవారికి కట్టే ప్రత్యేకమైన పట్టీలు ఉండాలి, 9 నెలలు దాటిన బిడ్డకు హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. హిప్ సీట్ ఆ పట్టీ కాదు. ఇందులో బిడ్డను మనకు కట్టి ఉంచేది ఏదీ లేదు, మన చేయి తప్ప. బండి మీద ఆ చేయి కూడా ఉండదు.

ఐదు మార్కులకు నేను మూడున్నర ఇస్తాను. కుట్టు గట్టిగా ఉండి, వెల్‌క్రో బదులు రెండు బకిళ్లు ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని. ఎత్తి దించడంతో నడుము అలసిపోతున్నవారు, తొమ్మిది పది నెలలు దాటి తనంత తాను కూర్చోగల బిడ్డ ఉన్నవారు తీసుకోవచ్చు. ప్రొద్దుటూరులో ఉన్న మా ఆడబిడ్డ పాపకు ఇప్పుడు పది నెలలు, ఆమె కూడా కొనాలనుకుంటోంది. ముందు మాది ఒక వారం తీసుకుపోయి కట్టుకుని చూసి, తన ఒంటికి కుదిరితేనే కొనమన్నాను. ఈ ఆదివారం వచ్చి తీసుకువెళుతుంది. ఆ వారం రోజులూ మావాడిని మా ఆయన, నేను, అత్తమ్మ వంతులవారీగా ఎత్తుకోవాలని అనుకున్నాము.