‘10 కేజీలు మోస్తుంది’ అనే స్టిక్కర్ హుక్కులకి అద్దం పటాలు తగిలించకండి

మేకు అక్కర్లేదు, డ్రిల్లు అక్కర్లేదు, అంటించి తగిలించేయండి అంటూ అమ్మే ట్రాన్స్‌పరెంట్ స్టిక్కర్ హుక్కుల గురించి ఈ హెచ్చరిక. ప్యాకెట్ మీద ఎన్ని కేజీలని రాసున్నా సరే, అద్దం బిగించిన పటాన్ని వాటికి అప్పగించొద్దు. అంటించగానే ఊడిపోతే గొడవే లేదు, వాపసు ఇచ్చేయొచ్చు. ఇవి అలా కాదు. కొన్నాళ్లు బుద్ధిగా మోసి, వాపసు గడువు దాటాక ఏ అర్ధరాత్రో పెయింటు పెచ్చుతో సహా కింద పడతాయి.

పడిపోయిన హుక్కుని వెనక్కి తిప్పి చూస్తే కారణం తెలిసిపోతుంది. జిగురుకి పెయింటు పొర, దాని మీద తెల్లటి పుట్టీ పొడి అంటుకుని ఉంటాయి. జిగురు తన పని తాను చేసింది, వదిలేసింది గోడే. ప్యాకెట్ మీది కేజీల లెక్క నున్నటి టైలుకో, గాజుకో సరిపోవచ్చు. మన గోడ మీద స్టిక్కరు పట్టుకునేది పెయింటుని మాత్రమే. ఆ పెయింటు పుట్టీని పట్టుకోవాలి, పుట్టీ ప్లాస్టరింగుని పట్టుకోవాలి. ఈ మూడింట్లో ఏది బలహీనమైతే అక్కడ ఊడుతుంది. చేత్తో రుద్దితే పొడి చేతికి అంటుకునే సున్నం, డిస్టెంపర్ గోడల మీద ఏ కంపెనీ స్టిక్కరూ నిలవదు. చెమ్మ గోడ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకో చిక్కు, బరువు లాగే దిశ. నిలువునా కిందికి జారే బరువుని జిగురు బాగానే ఆపుతుంది. ముందుకి పీకే బలానికి మాత్రం తట్టుకోలేదు. హుక్కు గోడ నుంచి ఎంత ముందుకి పొడుచుకొస్తే, పటం బరువు స్టిక్కరు పై అంచుని అంతగా పీకుతుంది. పై అంచు లేస్తున్నా, స్టిక్కరు వెనక తెల్లటి గాలి బుడగలు కనిపిస్తున్నా పటాన్ని ఆ రోజే దించేయండి.

పటం బరువుని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. అద్దం 1 మి.మీ. మందానికి చదరపు మీటరుకి 2.5 కేజీలు తూగుతుంది. 60×90 సెం.మీ. పటానికి 2 మి.మీ. అద్దం వేస్తే అదొక్కటే 2.7 కేజీలు. వెనక 3 మి.మీ. ఎండీఎఫ్ అట్ట (చెక్క పీచుని నొక్కి చేసేది) ఇంకో కేజీ పైనే. చుట్టూ చెక్క కూడా కలిస్తే 5 కేజీల దగ్గరికి వెళ్తుంది. పటం పట్టుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి బరువు చూసుకునే మిషనెక్కితే లెక్క తేలిపోతుంది.

అద్దె ఇల్లు, గోడకి కన్నం పెట్టనివ్వరు అంటే అద్దం బదులు పల్చటి యాక్రిలిక్ షీటు వేసిన చిన్న పటాలకే పరిమితం అవ్వండి. హుక్కు కాకుండా, రెండు ముక్కలు ఒకదానికొకటి కరుచుకునే స్ట్రిప్పులు వాడండి. పటం గోడకి ఆనుకునే ఉంటుంది కాబట్టి ముందుకి పీకుడు తక్కువ. కొత్తగా పెయింటు వేసిన గోడైతే కనీసం వారం ఆగాలి. అంటించే చోటుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సబ్బు నీళ్లు, ఫ్లోర్ క్లీనర్లు వద్దు, అవి వదిలే పొర మీద జిగురు పట్టదు. 30 సెకన్లు గట్టిగా నొక్కి, గంట ఆగి పటం తగిలించండి. తీసేటప్పుడు స్ట్రిప్పు చివర లాగడానికి వదిలిన తోకని గోడ వెంబడే నెమ్మదిగా కిందికి సాగదీయాలి. మనవైపుకి లాగారో, పెయింటు ఊడొస్తుంది. ట్రాన్స్‌పరెంట్ హుక్కులకి చాలావాటికి ఈ తోకే ఉండదు. హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి, వెనక గట్టి దారం పోనిచ్చి కోసుకురావాలి.

బరువైన పటానికి మాత్రం డ్రిల్లే దిక్కు. ఇటుక గోడకైతే 6 మి.మీ. మేసన్రీ బిట్టుతో (గోడలకి వాడే డ్రిల్లు ముల్లు) 40 మి.మీ. లోతు కన్నం వేసి, పొడంతా ఊదేసి, 30 మి.మీ. ప్లగ్గు (స్క్రూ పట్టు కోసం కన్నంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం), 40 మి.మీ. స్క్రూ బిగించండి. పైన 12–15 మి.మీ. ప్లాస్టరింగే ఉంటుంది, ప్లగ్గు సగమైనా ఇటుకలోకి దిగాలి. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా కన్నం వేయొద్దు, కరెంటు పైపులు అటే వెళ్తాయి.

ఇంతా చేసి, రెడీమేడ్ పటాల వెనక వచ్చే రంపపు పళ్ల రేకుని నమ్మకండి. చాలావాటికి అది రెండు చిట్టి మేకులతో నిలబడుతుంది. దాన్ని పీకేసి, చుట్టూ ఉన్న చెక్కకే, పైనుంచి మూడో వంతు దగ్గర అటొకటి ఇటొకటి డీ రింగులు (ఇంగ్లీషు D ఆకారంలో ఉండే కొక్కేలు) స్క్రూలతో బిగించి, వాటి మధ్య తీగ కాస్త వదులుగా కట్టండి. బిర్రుగా కడితే తీగ మీద బరువు రెండు మూడు రెట్లవుతుంది.