కిలోమీటరుకు ఇంతనా, ముందే ఒక మొత్తమా: ఏది మేలు?

మందుల షాపు కౌంటర్ దగ్గర ఈ మధ్య నన్ను మందుల గురించి కంటే పరుగు గురించి అడిగేవాళ్లే ఎక్కువయ్యారు. బరంపురంలో పొద్దున్నే పరిగెత్తేవాళ్లు పెరిగారు. వాళ్లలో కొందరు ఈసారి విశాఖ హాఫ్ మారథాన్‌కి (దాదాపు 21 కిలోమీటర్ల పరుగు) సిద్ధమవుతూ, పనిలో పనిగా కేన్సర్ రోగుల కోసం డబ్బు కూడా పోగు చేద్దామనుకుంటున్నారు. "అన్నా, పరిగెత్తిన కిలోమీటరుకు ఇంత అని అడగాలా, ముందే ఒక మొత్తం ఇమ్మనాలా?" అన్నది అందరి ప్రశ్న. నేను రెండు రకాలుగానూ చేశాను. బూట్లు, నీళ్లు, వారానికి ఎంత పెంచాలి లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

మొదటిసారి కిలోమీటరు లెక్కే పెట్టాను. 34 మంది ఒప్పుకున్నారు. పిల్లలు కిలోమీటరుకు 5 రూపాయలు, మా మావయ్య 100, మిగతావాళ్లు ఆ మధ్యలో. దీనిలో ఉన్న మజా వేరు. డబ్బిస్తానన్నవాడు మన పరుగుని తన పరుగనుకుంటాడు. బడాబజార్‌లో పట్టుచీరల కొట్టాయన ప్రతి సోమవారం షట్టరు ఎత్తకముందే ఫోన్ చేసి, "ఏం బాబూ, నిన్న ఎంతయింది?" అని అడిగేవారు. ఆయనకి జవాబు చెప్పుకోవాలనే రెండు ఆదివారాలు వానలో కూడా గోపాల్‌పూర్ రోడ్డెక్కాను. పన్నెండు వారాల్లో ఒక్క ఆదివారం కూడా తప్పలేదంటే ఆ ఫోన్ల పుణ్యమే.

తొమ్మిదో వారంలో కుడికాలి ముందు ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. తప్పు నాదే. ఇసుకలో పరిగెడితే కాళ్లు గట్టిపడతాయని ఎవరో అంటే విని, గోపాల్‌పూర్ ఒడ్డున మొదలుపెట్టాను. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది. వెళ్లేటప్పుడు ఒక కాలు కిందికి పడితే వచ్చేటప్పుడు రెండోది పడాలి, అప్పుడే భారం సమానం. నేనేమో ఒకవైపే పరిగెత్తి, ఆటోలో తిరిగొచ్చేవాణ్ని. వేలితో నొక్కితే రూపాయి బిళ్లంత చోట ప్రాణం పోయినట్టుండేది. అలా ఒకేచోట నొప్పి నిలిచిందంటే ఎముకలో సన్నటి పగులు కూడా కావచ్చు, పరుగు ఆపి డాక్టరుకి చూపించాలి. మందుల షాపు పెట్టుకుని కూర్చున్నవాడికి ఆ మాత్రం తెలీదా? తెలుసు. కానీ నేను పరిగెత్తే ఒక్కో కిలోమీటరుకి వచ్చేది 1,460 రూపాయలని అంతకంటే బాగా తెలుసు.

నొప్పి మాత్ర వేసుకుని వెళ్లాను. చెమటలు కారే పరుగులో ఆ మాత్రలు కిడ్నీకి మంచివి కావని రోజూ పదిమందికి చెప్పేది నేనే. విశాఖ బీచ్ రోడ్డులో పదిహేనో కిలోమీటరు దగ్గర కాలు మొరాయించింది. అప్పుడు కూడా బుర్రలో లెక్క నడుస్తూనే ఉంది. ఇంకా ఆరు, అంటే 8,760. కుంటుతూ, నడుస్తూ పూర్తిచేశాను. ఆ తర్వాత రెండు నెలలు ఇంటి మెట్లు దిగడమే గగనమైంది.

ఇక వసూళ్లు. మొత్తం 30,660 రావాలి. వారంలో ఇచ్చింది 19 మంది. మిగతావాళ్లు ఎగ్గొట్టే రకం కాదు, మర్చిపోయారంతే. ఠాకురాణి జాత్రకి చందా అడగాలంటే మనకి మొహమాటం ఉండదు, అది అమ్మవారి డబ్బు. ఇక్కడ మాత్రం రెండోసారి అడగాలంటే నోరు రాలేదు. పరుగు డిసెంబరులో అయితే, చివరి రూపాయి చేరేసరికి మార్చి వచ్చింది.

ఆ మార్చి నాకు మింగుడుపడలేదు. మిగతా లాభనష్టాలన్నీ ఒక ఎత్తు, నా దృష్టిలో ఇదొక్కటీ ఒక ఎత్తు. గోపాల్‌పూర్ జాలరి కుటుంబంలోని ఒకావిడ, కేన్సర్ ఉన్న భర్తకి వాంతులు తగ్గే ఓండాన్‌సెట్రాన్ మాత్రలు కొనడానికి మా షాపుకి వచ్చేది. మాత్రలు సంచిలో వేసుకుని, "బాబూ, విశాఖ బండి రేపు ఎన్నింటికి?" అని అడిగేది. రేడియేషన్ చికిత్స అంటే సాధారణంగా వారానికి ఐదు రోజులు, అలా ఐదారు వారాలు. రోజుకి పట్టేది కొద్ది నిమిషాలే. కానీ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రికి మన దగ్గర్నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, రోజూ పోయి రాలేరు. కటక్‌లో ఆచార్య హరిహర కేన్సర్ ఆస్పత్రికి వెళ్దామన్నా 200 దాకా ఉంటుంది. చికిత్సకి ప్రభుత్వ కార్డు పనికొచ్చినా, గది అద్దెకీ ఇద్దరి తిండికీ చేతిలో డబ్బు ఉండాల్సిందే. వాళ్లకి ఆ అవసరం అక్టోబరులో పడింది. నేను పోగుచేసింది, కేన్సర్ రోగులకి సాయం చేసే సంస్థకి పూర్తిగా చేరింది మార్చిలో.

అందుకే రెండోసారి సెప్టెంబరులోనే అడిగాను. నేను పూర్తిచేసినా, మధ్యలో ఆగినా, అసలు బయల్దేరకపోయినా డబ్బు వెనక్కి రాదని ముందే చెప్పాను. నా చేతికి ఇవ్వొద్దు, సంస్థ ఖాతాకే వేసి స్క్రీన్‌షాట్ పంపండి అన్నాను. 26,500 వచ్చింది. మొదటిసారి కంటే నాలుగు వేలు తక్కువే. సోమవారం ఫోన్లు కూడా ఆగిపోయాయి. పట్టుచీరల ఆయన డబ్బు వేసేసి ఆ సంగతే మర్చిపోయారు. అడిగేవాడు లేక రెండు ఆదివారాలు దుప్పటి ముసుగులోనే తెల్లారాయి. కానీ అక్టోబరు పదికల్లా మొత్తం చేరిపోయింది. పిక్క పట్టేసిన వారం ఏ లెక్కా వేసుకోకుండా హాయిగా ఇంట్లో కూర్చున్నాను.

ఈ మాట వస్తే టెర్రీ ఫాక్స్‌ని తలుచుకోకుండా ఉండలేను. కేన్సర్ వల్ల కాలు తీసేసిన ఆ కెనడా కుర్రాడు 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో పరుగు మొదలుపెట్టి, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. ఊపిరితిత్తులకు వ్యాధి పాకడంతో సెప్టెంబరు 1న ఆగిపోవాల్సి వచ్చింది. మైలుకు 2 డాలర్లు ఇస్తామని ఫోర్ సీజన్స్ హోటళ్ల అధిపతి ముందుకొచ్చి, మిగతా కంపెనీలనూ కదిలించాడు కాబట్టి దూరం లెక్కకి బలం లేదనను. కానీ టెర్రీ జనాన్ని అడిగింది మనిషికి ఒక్క డాలరు. దేశం చివరిదాకా చేరకపోయినా 1981 ఫిబ్రవరికల్లా నిధి 2.4 కోట్ల డాలర్లు దాటింది. అప్పటి కెనడా జనాభా కూడా దాదాపు అంతే.

రసీదు విషయంలోనూ ముందే తీసుకునే పద్ధతే నయం. విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు దొరికే గుర్తింపు (80జి అని పిలుస్తారు) ఉన్న సంస్థకి దాత నేరుగా వేస్తే రసీదు ఆయన పేరు మీదే వస్తుంది. మనం పోగుచేసి ఒకేసారి వేస్తే మన పేరు మీద వస్తుంది, ఇచ్చినవాళ్లకి ఏమీ మిగలదు. 2,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి ఈ మినహాయింపు ఎలాగూ వర్తించదు, ఆ ఆశ చూపించి అడగకండి. ఇంకొకటి, అమెరికా పౌరసత్వం తీసుకున్న మా బావ వెయ్యి డాలర్లు వేస్తానన్నాడు. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంస్థ అది తీసుకోకూడదు. బావని వేరే సంస్థ వైపు పంపాను.

ఆన్‌లైన్‌లో అందరి దగ్గరా విరాళాలు అడిగే క్రౌడ్‌ఫండింగ్ పేజీ ఊరు దాటి బంధువులు, స్నేహితులు బాగా ఉన్నవాళ్లకి పనికొస్తుంది. చివర్లో 'టిప్' అని, ఆ వెబ్‌సైట్ తనకోసం అడిగే డబ్బుకి ముందే టిక్కు పెట్టి ఉంచే పేజీలుంటాయి, ఇచ్చేవాళ్లకి ఆ మాట చెప్పండి. కౌంటర్ మీద డబ్బా పెడితే చిల్లర పడుతుంది, లెక్క చెప్పుకోలేక చస్తాం. వద్దు.

ఈ ఏడాది కూడా డబ్బు ముందే తీసుకున్నాను. ఆదివారం ఎంత పరిగెత్తానో మాత్రం ఇచ్చినవాళ్లందరి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. సోమవారం ఫోన్ మళ్లీ మొదలైంది. మొన్న 14 కిలోమీటర్లకి కాలు కాస్త పట్టినట్టనిపించి ఆపేశాను.

"ఇంకో రెండు లాగించకపోయావా?" అన్నారు పట్టుచీరల ఆయన.

"మీరు డబ్బిచ్చేశారు కదండీ, ఇంక మీ మాట చెల్లదు" అన్నాను.