పిల్లలతో కోస్టా రికా: అడవికి నూరు మార్కులు, కారు అద్దెకి సున్నా

మధ్య అమెరికాలోని కోస్టా రికాకి పిల్లలతో వెళ్ళొచ్చాం. అక్కడ కారు అద్దె సంగతి ముందు చెప్పేస్తాను. అది చెప్పకుండా మిగతా మంచి ఎంత రాసినా నాకు తృప్తి ఉండదు.

ఆన్‌లైన్‌లో చిన్న ఎస్‌యూవీ రోజుకు 11 డాలర్లని చూపించింది. బుక్ చేశాం, కన్ఫర్మేషన్ వచ్చింది. రాజధాని శాన్ హోసే దగ్గర విమానం దిగి, వాళ్ళ షటిల్ ఎక్కి ఆఫీసుకి వెళ్తే, కౌంటర్‌లో ఉన్నతను తాపీగా ఒక కాగితం ముందుకు జరిపాడు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రోజుకు 19. మన కారుకి దెబ్బ తగిలితే పనికొచ్చే ఇన్సూరెన్స్ 17. ఏడేళ్ళ మా వాడికి బూస్టర్ సీటు 7. మొత్తం రోజుకు 54 డాలర్లు. చూపించిన ధరకి దాదాపు ఐదు రెట్లు.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అక్కడ చట్టం ప్రకారం తప్పనిసరి. దాని మీద నాకు కోపం లేదు. తప్పనిసరి అయినప్పుడు దాన్ని కలిపి ధర చూపించొచ్చు కదా, అదీ నా కోపం. ఇక రెండోది తప్పనిసరి కాదు. మా క్రెడిట్ కార్డుకి ఆ కవర్ ఉంది, బ్యాంకు ఇచ్చిన ఉత్తరం కూడా చేతిలో ఉంది. చూపిస్తే, "ఇది చెల్లదు, అన్నీ చట్టం ప్రకారం కట్టాల్సిందే" అన్నాడు. పక్క కౌంటర్‌లో ఒక జంట అలాంటి ఉత్తరమే చూపించి తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు. మా ఆయన అది చూసి గట్టిగా అడిగాక మాట మారింది. సరే, కట్టకపోతే 3,000 డాలర్లు కార్డు మీద బ్లాక్ చేస్తామన్నాడు. బయట చీకటి పడింది, పిల్లలు సూట్‌కేసుల మీద తల పెట్టి నిద్రపోతున్నారు. ఆ పరిస్థితిలో ఎవరైనా కట్టేస్తారు. వాళ్ళకీ అది తెలుసు.

డబ్బు కన్నా ఎక్కువ మండింది ఆ బూస్టర్ సీటు విషయంలో. బెల్ట్ పట్టి ఉంచే కొక్కెం విరిగిపోయి ఉంది. పన్నెండేళ్ళలోపు పిల్లలకి సీటు లేకపోతే జరిమానా అని మాకు చెప్పిన మనిషే, విరిగిన సీటు ఇచ్చి "పనిచేస్తుంది" అన్నాడు. నేను కౌంటర్ దగ్గరినుంచి కదలకుండా నిలబడ్డాక వేరేది తెచ్చారు. కారు తిరిగి ఇచ్చేటప్పుడు అద్దం మీద గీత ఉందన్నారు. తీసుకునేటప్పుడు కారు చుట్టూ తిరిగి అమ్మాయి తీసిన వీడియోలో ఆ గీత స్పష్టంగా ఉంది కాబట్టి వదిలేశారు.

మీరు వెళ్తే బుక్ చేసే ముందే ఈమెయిల్ రాసి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పన్ను, పిల్లల సీటు కలిపి మొత్తం ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోండి. అలా తేల్చి చెప్పనివాళ్ళ దగ్గర తీసుకోవద్దు. కారు అసలు వద్దనుకున్నా ఊళ్ళ మధ్య షటిల్ వ్యాన్లు బాగానే తిరుగుతాయి.

ఇంత జరిగినా మళ్ళీ వెళ్ళాల్సి వస్తే ఈ దేశమే ఎంచుకుంటాను. అసలు ఎందుకు ఎంచుకున్నామో చెప్తాను. మా ఇంట్లో పన్నెండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ అబ్బాయి. అమ్మాయికి ఏదైనా కష్టమైన పని కావాలి, లేకపోతే ఫోనులోంచి తల ఎత్తదు. వాడికి కప్పలూ పాములూ కావాలి. బాలి అనుకున్నాం. అక్కడ బాతుర్ అగ్నిపర్వతం మీద సూర్యోదయం చూడాలంటే అర్ధరాత్రి దాటాక రెండింటికల్లా లేచి బయల్దేరాలి, దక్షిణ బాలి ట్రాఫిక్‌లో కారులో గంటలు పోతాయి. బోర్నియోలోని సబా ప్రాంతం నాకు చాలా నచ్చింది. సెపిలోక్‌లో ఒరాంగుటాన్లు, కినబటాంగన్ నది మీద పడవలో వెళ్తూ ఏనుగులూ మొసళ్ళూ చూడొచ్చు. కానీ ఒక చోటినుంచి ఇంకో చోటికి దూరాలు ఎక్కువ, 4,095 మీటర్ల కినబాలు ఎక్కడం చిన్నవాడి వల్ల కాదు. మాల్దీవులు సముద్రంలోనే గడిపేవాళ్ళకి. హవాయి ఖర్చు చూసి మా ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు.

పిల్లలతో సాహస యాత్రకి చోటు ఎంచేటప్పుడు నేను రెండే అడుగుతాను. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు తన కాళ్ళతో, తన చేతులతో చేయగలిగేవి ఎన్ని ఉన్నాయి? ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య కారులో ఎన్ని గంటలు? అగ్నిపర్వతం, మబ్బుల అడవి, సముద్రం మూడూ నాలుగైదు గంటల ఎడంతో దొరికేది మేము చూసినవాటిలో కోస్టా రికా ఒక్కటే. దేశంలో దాదాపు నాలుగో వంతు భూమి రక్షిత ప్రాంతం. జంతువు కోసం వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేదు, కరెంటు తీగ మీద స్లాత్ (చెట్ల మీద మెల్లగా కదిలే జంతువు) వేలాడుతూ కనిపిస్తుంది.

మొదటి రాత్రి విమానాశ్రయం దగ్గరి అలహువేలా ఊళ్ళో పడుకుని లా ఫోర్తూనా వెళ్ళాం, మూడు గంటల దారి. మా ఆయన ఆ మూడు గంటలూ మాట్లాడలేదు. ఊరి పక్కనే అరెనాల్ అగ్నిపర్వతం. 1968లో పేలి కింది ఊళ్ళని తుడిచిపెట్టేసింది, 2010 నుంచి నిద్రలో ఉంది. అందుకని లావా చూస్తామని పిల్లలకి చెప్పి తీసుకెళ్ళకండి. వేలాడే వంతెనలు, వేడినీటి బుగ్గలు, జలపాతం, అన్నీ బాగున్నాయి. జలపాతానికి మనిషికి 20 డాలర్లు, దాదాపు 500 మెట్లు, ఎక్కేటప్పుడు వాడు ఏడవలేదు, నేనే ఆయాసపడ్డాను.

రాఫ్టింగ్, అంటే ఉరవడి నదిలో గాలి నింపిన పడవ మీద వెళ్ళడం, దాని గురించి మాత్రం చెప్పాలి. బాల్సా నది మీద రాఫ్టింగ్‌కి ఒక చిన్న సంస్థకి రాస్తే, ముందు పిల్లల వయసులు అడిగారు. ఏడేళ్ళవాడిని ఆ నదిలోకి తీసుకెళ్ళం, ఎనిమిది నిండాలి అని నిక్కచ్చిగా చెప్పి, పెన్యాస్ బ్లాంకాస్ నది మీద నెమ్మదిగా సాగే పడవ ప్రయాణం ఉందన్నారు. మనిషికి 65 డాలర్లు. డబ్బులు వస్తాయి కదా అని వయసు అబద్ధం రాయించుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు, వీళ్ళు అలా చేయలేదు. ఆ నది మీద అలజడి లేదు, కానీ తల ఎత్తితే హౌలర్ కోతులు, ఒడ్డున కైమన్ మొసళ్ళు, కొమ్మ కింద వరసగా అతుక్కుని నిద్రపోతున్న గబ్బిలాలు. అమ్మాయి మొదట ముఖం ముడుచుకుని కూర్చుంది, ఇది చిన్నపిల్లల పడవ అని. అరగంటకల్లా అందరికన్నా ముందు జంతువుల్ని కనిపెట్టేది తనే అయింది. చివర ఒడ్డున ఒక రైతు ఇంట్లో ఆగాం. అప్పుడే చేసిన జున్ను, పెనం మీదనుంచి తీసిన మొక్కజొన్న రొట్టెలు, వేయించిన అరటి ముక్కలు, గుడ్డసంచిలో వడకట్టిన కాఫీ. ఆ పెద్దావిడ మా వాడు ఇంకా కావాలని అడగకముందే పళ్ళెం నింపేది. ఇదంతా ఆ 65లోనే.

తిండి ఖర్చు గురించి ఒక మాట. అక్కడ సోడా అంటే చిన్న హోటల్. అన్నం, చిక్కుడు గింజలు, కూర, సలాడ్, అరటి ముక్కలతో వచ్చే భోజనం పేరు కసాదో. సోడాలో మేము 3,500 కొలోన్లకి (అక్కడి డబ్బు) తిన్నదే, టూరిస్టు వీధిలో 8,000. రుచి సోడాలోనే ఎక్కువ. బిల్లులో 13 శాతం పన్ను, 10 శాతం సర్వీసు ముందే కలిపి ఉంటాయి, మళ్ళీ టిప్పు అడిగితే ఇవ్వాలన్న రూలేం లేదు.

అక్కడినుంచి మబ్బుల అడవి ఉన్న కొండ ఊరు మోంటెవెర్డె. అరెనాల్ సరస్సు చుట్టూ తిరిగి వెళ్ళే రోడ్డులో చివరి భాగం గతుకులు, అబ్బాయి వాంతి చేసుకున్నాడు. కారు లేనివాళ్ళు వ్యాన్, పడవ, మళ్ళీ వ్యాన్ మారుతూ సరస్సు దాటి వెళ్ళొచ్చు, వాంతుల పిల్లలకి అదే నయం. ఈ ఊరు 1,400 మీటర్ల ఎత్తులో ఉంది. ఉష్ణమండలం కదా అని చొక్కాలు మాత్రమే సర్దుకుంటే వణికిపోతారు. పిల్లలకి స్వెట్టర్, వానకోటు రెండూ కావాలి.

మొత్తం యాత్రలో ఒక్క పూటే ఎంచుకోమంటే మోంటెవెర్డె రాత్రి నడకే. మనిషికి 28 డాలర్లు, సాయంత్రం ఆరింటికి మొదలు, రెండు గంటలు. ఆ దేశంలో ఏడాదంతా ఆరింటికల్లా చీకటి పడుతుంది కాబట్టి పిల్లల నిద్ర పాడవదు. తలా ఒక టార్చ్ ఇచ్చారు. గైడ్ అల్ట్రావయొలెట్ లైటు వేస్తే చెట్టు బెరడు మీద తేలు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో మెరిసింది. పక్కన కొమ్మ మీద పచ్చటి రక్తపింజరి జాతి పాము చుట్టుకుని ఉంది, మేము రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాం. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. చాలా రోజుల తర్వాత పట్టుకుంది.

కప్పలు కావాలన్న మావాడికి గైడ్ ఆ ఊరి బంగారు కప్ప సంగతి చెప్పాడు. నారింజ రంగులో మెరిసే ఆ కప్ప ప్రపంచంలో ఈ కొండల మీద మాత్రమే ఉండేది. 1989 తర్వాత ఎవరికీ కనిపించలేదు. "ఒక్కటి కూడా ఎక్కడా దాక్కుని ఉండదా?" అని అడిగాడు వాడు. వానలు మొదలైన ప్రతిసారీ తనూ నీటిగుంటలు చూస్తూనే ఉంటానన్నాడు గైడ్. అతను ఇంకో సంగతీ చెప్పాడు. 1980ల చివర స్వీడన్‌లో ఒక చిన్న బడి పిల్లలు అడవులు నరికేస్తున్నారని విని, డబ్బు పోగుచేసి ఇక్కడ అడవి కొనడానికి పంపారు. తర్వాత ఎన్నో దేశాల పిల్లలు తోడయ్యారు. ఇప్పుడది 'పిల్లల శాశ్వత అడవి' పేరుతో దేశంలోకెల్లా పెద్ద ప్రైవేటు అభయారణ్యం. మర్నాడు మావాళ్ళిద్దరూ ఆ అడవిలోకే వెళ్దామని పట్టుబట్టారు. జిప్‌లైన్ (తీగకి వేలాడుతూ అడవి మీదుగా జారడం) బుకింగ్ మధ్యాహ్నానికి మార్చుకున్నాం, ఏమీ అదనంగా తీసుకోలేదు. జిప్‌లైన్ పెద్దలకి 60, పిల్లలకి 45. పొడవాటి తీగల మీద చిన్నవాడు గైడ్‌తో కలిసి వెళ్ళాడు, అమ్మాయి ఒక్కతే వెళ్ళింది.

చివర సముద్రపు ఒడ్డున ఉన్న జాతీయ పార్కు మాన్యుయెల్ ఆంటోనియో. దారిలో తార్‌కోలెస్ వంతెన మీద ఆగి కింద బురదలో పడుకున్న మొసళ్ళని చూడండి, పైసా ఖర్చు లేదు. పార్కు చిన్నది, అందమైనది. టికెట్లు ముందుగా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కొనాలి, గేటు దగ్గర అమ్మరు. పెద్దలకి 18.08 డాలర్లు, పిల్లలకి 5.65. మంగళవారం మూసేస్తారు. పార్కుకి వెళ్ళే రోడ్డు మీద జాకెట్లు వేసుకున్న మనుషులు అధికారుల్లా చెయ్యి అడ్డం పెట్టి కారు ఆపి, పార్కింగ్ ఇక్కడే అంటారు. వాళ్ళు అధికారులు కారు. ఆపకుండా నెమ్మదిగా ముందుకు వెళ్ళిపోండి.

అక్కడ మేము దిగిన హోటల్‌కి మాత్రం ఎవరినీ వెళ్ళమని చెప్పను. రాత్రికి 180 డాలర్లు, పన్ను అదనం. 'సముద్రం కనిపించే గది' అన్నారు. బాత్రూమ్ కిటికీలోంచి మెడ తిప్పి చూస్తే చెట్ల మధ్య నీలం గీత కనిపించింది. దుప్పట్లు తడి తడిగా, ఏసీ నుంచి నీళ్ళు సరిగ్గా అబ్బాయి దిండు మీద. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు, ఆన్‌లైన్‌లో చూస్తే అదే రాత్రికి ఖాళీ గదులు అమ్ముతున్నారు. మా ఆయన ఫోన్‌లో అది చూపించాక పది నిమిషాల్లో గది దొరికింది. ఆ ప్రాంతంలో కొండ మీద హోటళ్ళకి ఊరికే డబ్బు పెట్టకండి, కింద కెపోస్ ఊళ్ళో దిగితే బస్సులో పావుగంట.

నెలల విషయం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పసిఫిక్ వైపు పొడిగా ఉంటుంది, జనం కూడా అప్పుడే. మే, జూన్‌లో ఉదయాలు ఎండ, మధ్యాహ్నాలు వాన, గదులు చవక, కప్పలు ఎక్కువ. మాలాంటి పిల్లలున్నవాళ్ళకి ఆ రోజులే మేలు. సెప్టెంబరు, అక్టోబరులో మాత్రమే సెలవు దొరికేవాళ్ళు పసిఫిక్ వైపు వదిలేసి కరీబియన్ వైపు వెళ్ళండి, అక్కడ ఆ నెలల్లో వాన తక్కువ. ఆ వైపు ఒడ్డున ఉన్న తోర్తుగెరోలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం జూలై నుంచి అక్టోబరు దాకా. ఆ ఊరికి రోడ్డు లేదు, పడవలోనో చిన్న విమానంలోనో వెళ్ళాలి కాబట్టి అద్దె కారు గొడవా ఉండదు. రాత్రి బీచ్‌కి లైసెన్సున్న గైడ్‌తోనే పంపుతారు, ఫొటోలు తీయనివ్వరు. అంతసేపు చీకట్లో చప్పుడు చేయకుండా కూర్చోలేని పిల్లలైతే ఇంకో రెండేళ్ళు ఆగండి.