అమెరికాలో ‘లగ్జరీ సెడాన్’ బుక్ చేసేవారికి హెచ్చరిక: ఏ బండి వస్తుందో ముందే రాతపూర్వకంగా తీసుకోండి

ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రుల కోసం న్యూజెర్సీ, న్యూయార్క్ ప్రాంతాల్లో డ్రైవరుతో కూడిన కారును ముందుగా బుక్ చేసుకోవాలనుకునే తెలుగువారికి ఈ హెచ్చరిక. బుకింగ్ పేజీలో ‘లగ్జరీ సెడాన్’ (వెనుక విడి డిక్కీతో, తక్కువ ఎత్తులో ఉండే దర్జా కారు) అన్న పేరును, పక్కనున్న పొడవాటి నల్ల కారు బొమ్మను నమ్మి డబ్బు కట్టకండి. అలాంటి కార్లను అమెరికన్ కంపెనీలు ఒక్కొక్కటిగా ఆపేశాయి. పేరు, బొమ్మ మాత్రం చాలాచోట్ల అలాగే మిగిలిపోయాయి.

మా అత్తగారికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఎత్తు మెట్టు ఎక్కాలంటే పక్కన మనిషి ఉండాలి. ఆమె, మామగారు నెవార్క్ విమానాశ్రయంలో దిగేనాటికి నేను ఒక లిమో సర్వీసులో, అంటే డ్రైవరుతో కారు అద్దెకిచ్చే సంస్థలో, సెడాన్ బుక్ చేశాను. పిల్లల సీట్లు బిగించి ఉన్న మా కారులో మరో ఇద్దరికీ, వాళ్ల పెట్టెలకూ చోటు చాలదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ వస్తున్నారని, ఎత్తయిన బండి వద్దని బుకింగ్‌లోనే రాశాను. ఆ మాట వాళ్లు పంపిన ధ్రువీకరణ ఈమెయిల్‌లోనూ ఉంది. తీరా వచ్చింది సబర్బన్ అనే భారీ ఎస్‌యూవీ. దానికి పక్కన మెట్టు ఉంది కానీ, ఆ మెట్టే ఆమెకు దాదాపు మోకాలి ఎత్తున ఉంది. పదిహేను గంటలకు పైగా విమానంలో కూర్చుని వచ్చిన మనిషిని డ్రైవరూ నేనూ చెరో పక్క పట్టుకుని లేవనెత్తాల్సి వచ్చింది. డ్రైవరు ఎంతో మర్యాదస్తుడు, ఇందులో అతని తప్పేమీ లేదు. తర్వాత కార్డు మీద పడిన బిల్లులో మాత్రం సెడాన్ అద్దెతోపాటు ‘ఎస్‌యూవీ తేడా’ అని ఒక మొత్తం, ఆ పెరిగిన అద్దె మీద లెక్కగట్టిన టిప్పు కూడా ఉన్నాయి. ఫోన్ చేసి గట్టిగా అడిగితే అసలు విషయం బయటపడింది. వాళ్ల దగ్గర సెడాన్లే లేవు, ఉన్నవాటిని ఎప్పుడో అమ్మేశారు. నిబంధనల్లో ‘అదే తరగతి లేదా తత్సమాన వాహనం’ అని ఉందని, కాబట్టి తమ తప్పు లేదని వాదించారు. లేని కారును అమ్మకానికి పెట్టి, రాని కారు కోసం ఎక్కువ డబ్బు తీసుకోవడం నా దృష్టిలో మోసమే.

ఈ కార్లు ఎలా కనుమరుగయ్యాయో తెలిస్తే, బుక్ చేసేటప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. దాదాపు ఒక తరం పాటు అమెరికాలో లిమో సర్వీసు అంటే లింకన్ టౌన్ కారే. 1981 నుంచి విడి మోడల్‌గా అమ్ముడైన ఆ కారు చివరి రోజుల్లో దాదాపు ఐదున్నర మీటర్ల పొడవుండేది. విడి చట్రం మీద బాడీని బిగించి కట్టేవారు కనుక గుంతల రోడ్లను తట్టుకునేది, దెబ్బ తగిలినా తక్కువ ఖర్చుతో బాగయ్యేది. పోలీసు బండ్లుగా, టాక్సీలుగా తిరిగిన క్రౌన్ విక్టోరియాకు, దీనికి అడుగుభాగం ఒకటే కావడంతో విడిభాగాలు ఎక్కడైనా దొరికేవి. అన్నిటికంటే ముఖ్యంగా, పెద్దవారు మొదట సీటు అంచున కూర్చుని ఆ తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోగలిగిన ఎత్తులో సీటు, సుమారు 21 ఘనపుటడుగుల డిక్కీ రెండూ ఒకే బండిలో ఉండేవి. 2011 ఆగస్టులో కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో చివరి టౌన్ కార్ తయారైంది, ఆ తర్వాతి నెలలో ఆ ఫ్యాక్టరీయే మూతపడింది.

ఆ ఖాళీని నింపడానికి వచ్చినవేవీ ఎక్కువ కాలం నిలవలేదు. కాడిలాక్ ఎక్స్‌టీఎస్ 2019లో ఆగిపోయింది. మళ్లీ ఆర్భాటంగా తెచ్చిన లింకన్ కాంటినెంటల్ 2020లో వెళ్లిపోయింది. కాడిలాక్ సీటీ6 కూడా అమెరికా మార్కెట్లో ఆ ఏడాదితోనే ముగిసింది. క్రైస్లర్ 300 ఉత్పత్తి 2023 చివరలో ఆగింది. ఉత్తర అమెరికాలో తన సెడాన్లకు కొత్త తరాలు తీసుకురాబోనని ఫోర్డ్ 2018 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. కొనేవారు ఎస్‌యూవీల వైపు వెళ్లారు, తయారీదారులకూ వాటి మీదే లాభం ఎక్కువ. లిమో యజమాని లెక్క కూడా అర్థం చేసుకోదగిందే. ఒక సబర్బన్ ఉంటే ఉదయం ఒక్క అధికారిని ఆఫీసుకు చేర్చి, సాయంత్రం ఆరుగురి కుటుంబాన్ని విమానాశ్రయానికి తీసుకెళ్లవచ్చు. సెడాన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఆ మార్పు మీద నాకు ఫిర్యాదు లేదు. మారిన సంగతి దాచి పాత పేరుతో బుకింగ్ తీసుకోవడం మీదే నా ఫిర్యాదు.

ఎస్‌యూవీ వస్తే సామానుకైనా ఇబ్బంది ఉండదని అనుకోనక్కరలేదు. మన పెద్దవాళ్లు సాధారణంగా మనిషికి రెండు 23 కిలోల పెట్టెలు, వాటికితోడు చేతి సంచులు తెస్తారు. ఇద్దరికి నాలుగు పెద్ద పెట్టెలు. మూడో వరుస సీట్లు వాడుకుంటే వాటి వెనుక 2021 నుంచి వస్తున్న సబర్బన్‌లో సుమారు 41 ఘనపుటడుగుల చోటుంటుంది. చూపులకు దాదాపు అలాగే ఉండే టాహోలో పాతిక మాత్రమే. కాడిలాక్ వారి ఎస్కలేడ్ ఎస్‌యూవీలోనూ మామూలుదానికి, పొడవుదానికి ఇలాంటి తేడాయే ఉంది. అందువల్ల ‘ఫుల్ సైజ్ ఎస్‌యూవీ’ అన్న మాటతో తృప్తిపడక మోడల్ పేరు అడగండి. ఇక నిజమైన సెడానే కావాలంటే ఇప్పుడు దొరికేవి ఎక్కువగా మెర్సిడెస్ ఎస్-క్లాస్, బీఎండబ్ల్యూ 7 సిరీస్ వంటివి. అద్దె ఎక్కువ, డిక్కీ మాత్రం పాత టౌన్ కార్ కంటే చిన్నది, నాలుగు పెద్ద పెట్టెలు పట్టవు.

ఊళ్లో ఇన్నోవా ఎక్కుతున్నారు కదా, ఇక్కడ ఎస్‌యూవీ ఎక్కలేరా అని కూడా అనుకోవద్దు. సబర్బన్ నేల అంతకంటే ఎత్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి నేను నిస్సంకోచంగా సూచించేది మినీవ్యాన్. టొయోటా సియెనా, క్రైస్లర్ పసిఫికా వంటివాటిలో నేల కిందికి ఉంటుంది, పక్క తలుపు జరుగుతూ పూర్తిగా తెరుచుకుంటుంది, పెట్టెలు నిలువుగా పడతాయి. దర్జా లేదని కొందరికి చిన్నతనంగా అనిపించవచ్చు గానీ, అత్తగారు తిరిగి వెళ్లేటప్పుడు మేము పసిఫికానే మాట్లాడుకున్నాం, ఆమె ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి కూర్చున్నారు. పది పన్నెండు మంది పట్టే స్ప్రింటర్ వ్యాన్‌ను మాత్రం మినీవ్యాన్ అనుకుని ఒప్పుకోవద్దు, దాని మెట్లు ఎస్‌యూవీకి ఏమీ తీసిపోవు.

బుక్ చేసే ముందు ఫోన్‌లో మాట్లాడినా, జవాబు ఈమెయిల్‌లోనే రప్పించుకోండి. ఏ మోడల్, ఏ సంవత్సరపు బండి, అది ఈ రోజు వాళ్ల దగ్గర ఉందా, లేక మరో సంస్థ నుంచి తెప్పిస్తారా, పక్కమెట్టు ఉందా, మీ పెట్టెల లెక్కకు సరిపోతుందా అన్నవి అందులో ఉండాలి. టోలు, విమానాశ్రయ రుసుము, టిప్పు, నిరీక్షణ రుసుము అన్నీ కలిపిన మొత్తం ఎంతో చెప్పమనండి. నిరీక్షణ సమయం విమానం దిగినప్పటి నుంచి లెక్కిస్తారో, బుకింగ్ వేళ నుంచి లెక్కిస్తారో స్పష్టంగా అడగాలి, ఎందుకంటే అంతర్జాతీయ ప్రయాణికులకు ఇమిగ్రేషన్ దగ్గరే చాలాసేపు పడుతుంది. వాళ్లంతట వాళ్లే బండి మారిస్తే అదనపు అద్దె ఉండదని, మారిన బండి మీకు పనికిరాకపోతే డబ్బు పూర్తిగా వాపసిస్తారని ఒక వాక్యం రాయించుకోండి. అది రాయడానికి వెనకాడే సంస్థను వదిలేయండి.

ఇంత చేసినా వేరే బండి వస్తే, ఎక్కే ముందే దాని ఫోటో, నంబరు ప్లేటు ఫోటో తీసుకుని, ఇది మేము అడిగిన బండి కాదని, అదనపు అద్దెకు ఒప్పుకోవడం లేదని సంస్థకు అక్కడి నుంచే సందేశం పంపండి. నేను అలా పంపిన సందేశమే తర్వాత నాకు పనికివచ్చింది, ఎస్‌యూవీ తేడా మొత్తం కార్డు బ్యాంకు ద్వారా వెనక్కి వచ్చింది. అద్దె ఎప్పుడూ క్రెడిట్ కార్డుతోనే కట్టండి. ఒప్పుకున్న విధంగా అందని సేవకు వేసిన బిల్లును అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ప్రశ్నించవచ్చు, విచారణ ముగిసేవరకు వివాదంలో ఉన్న మొత్తాన్ని కట్టకుండా ఆపుకోవచ్చు. డెబిట్ కార్డుకు ఆ రక్షణ వర్తించదు. ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా మీ ఉత్తరం కార్డు సంస్థకు చేరాలి, అదీ బిల్లు కట్టే చిరునామాకు కాదు, బిల్లు ఫిర్యాదుల కోసం స్టేట్‌మెంట్‌లో విడిగా ఇచ్చిన చిరునామాకు. ఉత్తరంతోపాటు ధ్రువీకరణ ఈమెయిల్, బండి ఫోటో, మీరు పంపిన సందేశం నకళ్లు జతచేయండి.