ఎలక్ట్రిక్ బండి బ్రేక్ యాక్చువేటర్‌కు పవర్ పెంచాలంటే ఏ దారి మేలు?

యాక్చువేటర్ అంటే బ్రేక్ ప్యాడ్లను డిస్క్ మీదకు నొక్కే భాగం, అందులో మోటార్, గేర్లు, స్క్రూ ఉంటాయి. బ్రేక్ పట్టు ఆలస్యమవుతోందంటే చాలు, అందరి చూపూ మోటార్ మీదకే వెళ్తుంది. "చిన్నదైంది, ఇంకో సైజు పెద్దది వేద్దాం" అంటారు. పెద్ద మోటార్ వేస్తే దానికి కరెంట్ అందించి నడిపే ఇన్వర్టర్ పెద్దది కావాలి, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌లో చోటు కావాలి, చక్రం దగ్గర బరువు పెరుగుతుంది. పైగా మోటార్‌లో తిరిగే భాగం, అంటే రోటార్, బరువెక్కితే అది వేగం అందుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఖర్చు పెట్టాక కూడా బ్రేక్ అంతంతమాత్రంగానే ఉండటం నేను చూశాను. అందుకే ముందు లెక్క చూద్దాం.

కారు ముందు చక్రం దగ్గర ప్యాడ్లు డిస్క్‌ను సుమారు 30 కిలోన్యూటన్ల బలంతో నొక్కాలనుకోండి. ప్యాడ్ తాకిన తర్వాత కాలిపర్ కాస్త విచ్చుకుంటుంది, ప్యాడ్ నలుగుతుంది. ఆ కదలిక 1 మిల్లీమీటరు అనుకుందాం. బలం సున్నా నుంచి పెరుగుతూ పోతుంది కాబట్టి మొత్తం పని 15 జూళ్లే. ఇది 0.1 సెకనులో అయిపోవాలి. అంటే సగటున 150 వాట్లు, చివర్లో 300 వాట్లు. గేర్లు, స్క్రూ తినే రాపిడి, రోటార్‌ను పరుగెత్తించడానికి పట్టేది కలుపుకుంటే మోటార్‌కు దాదాపు 500 వాట్లు ఇవ్వాలి. 12 వోల్టుల మీద అది 42 ఆంప్స్. కావలసిన శక్తి చాలా తక్కువ, కాకపోతే అది రెప్పపాటులో అందాలి. చవక దారులన్నీ ఈ ఒక్క విషయం మీదే నిలబడతాయి.

గేర్ నిష్పత్తి పెంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. బలం పెరుగుతుంది, వేగం అదే లెక్కన తగ్గుతుంది, పవర్ మాత్రం పెరగదు. ప్యాడ్ తాకడానికే ఎక్కువ సమయం తీసుకునే బ్రేక్‌కు ఇది మందు కాదు.

నేను పనిచేసిన ఒక టెస్ట్ బెంచ్ మీద జరిగింది చెప్తాను. పూర్తి పట్టుకు అనుకున్న దానికంటే ఎక్కువ సమయం పడుతోంది. పెద్ద మోటార్ కొనాలని దాదాపు నిర్ణయం అయిపోయింది. చివరి ప్రయత్నంగా వోల్టేజ్‌ను గీతగా చూపించే ఆసిలోస్కోప్ ప్రోబ్‌లు ఒక జత సప్లై దగ్గర, ఇంకో జత యాక్చువేటర్ టెర్మినల్ దగ్గర పెట్టాం. సప్లైలో 12.6 వోల్టులు నిలకడగా ఉన్నాయి. టెర్మినల్ దగ్గర మాత్రం, కరెంట్ 45 ఆంప్స్‌కు చేరగానే గీత 9.8కి పడిపోయింది. మధ్యలో 2.8 వోల్టులు మాయం. వైరు సన్నగా ఉంది, నెగెటివ్ వైపు క్రింప్ (వైరు కొసను నొక్కి బిగించిన జాయింట్) ఒకటి వదులుగా ఉంది. చేత్తో పట్టుకుంటే వేడి తెలిసిపోయింది. వైరు మందం పెంచి, క్రింప్ మళ్లీ వేశాక టెర్మినల్ దగ్గర 11.7 వోల్టులు నిలిచాయి. అదే 45 ఆంప్స్ మీద 441 వాట్ల నుంచి 526 వాట్లకు వచ్చాం. మోటార్ అదే, ఇన్వర్టర్ అదే. చిల్లు కుండను పూడ్చకుండా బావిని లోతు చేయబోయాం అనిపించింది.

వైరు తర్వాత నేను చూసేది స్క్రూ. మోటార్ తిప్పుడును నెట్టుడుగా మార్చేది అదే. జారుడు రాపిడి మీద నడిచే లీడ్ స్క్రూలో సామర్థ్యం సాధారణంగా 20 నుంచి 40 శాతం. బాల్ స్క్రూలో 90 శాతం దాకా ఉంటుంది. 35 నుంచి 90కి వెళ్తే అదే మోటార్ నుంచి రెండున్నర రెట్లు పని వస్తుంది. బాల్ స్క్రూ ఖరీదెక్కువే, కానీ దాని పక్కన రెట్టింపు మోటార్, రెట్టింపు ఇన్వర్టర్ పెట్టి చూడండి. ఇంకో లాభం కూడా ఉంది. కరెంట్ పోతే బాల్ స్క్రూ వెనక్కి తిరుగుతుంది, చక్రం బిగుసుకుపోదు. లీడ్ స్క్రూ తనంతట తాను లాక్ అయిపోతుంది. పార్కింగ్ బ్రేక్‌కు అది వరం, నడుస్తున్న బండికి ప్రమాదం. బాల్ స్క్రూ వేస్తే పార్కింగ్‌కు విడిగా ఒక లాచ్ పెట్టుకోవాలి. ఆ ఖర్చు మొదట్లోనే లెక్కలో వేసుకోండి.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చే లాభాన్ని తక్కువ అంచనా వేయకండి. ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య ఉన్న ఖాళీ దాటేటప్పుడు మోటార్ మీద లోడ్ దాదాపు ఉండదు. అక్కడ వేగాన్ని ఆపేది మోటార్ తనలో పుట్టించుకునే ఎదురు వోల్టేజ్. ఫీల్డ్ వీకెనింగ్‌తో, అంటే మోటార్ అయస్కాంత ప్రభావాన్ని కరెంట్‌తో తగ్గించి, ఆ ఎదురు వోల్టేజ్‌ను కాసేపు అణచి వేగం పెంచవచ్చు, ప్యాడ్ తాకగానే మళ్లీ పూర్తి టార్క్‌కు (తిప్పే బలానికి) రావచ్చు. అయస్కాంతాలు రోటార్ లోపల అమర్చిన మోటార్లలో ఇది బాగా పనిచేస్తుంది, పైన అతికించిన వాటిలో లాభం తక్కువ. ఇంకా చవకైనది ఒకటుంది. డ్రైవర్ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు గబుక్కున తీస్తే, బ్రేక్ నొక్కకముందే ప్యాడ్లను డిస్క్ దాకా తెచ్చి ఉంచడం. ఆ ఖాళీ దాటే సమయం అక్కడే మిగులుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా చాలకపోతే అప్పుడు అసలు పోటీ సూపర్‌కెపాసిటర్‌కూ (కరెంట్‌ను దాచుకుని ఒక్కసారిగా ఇచ్చే పరికరం), సప్లైని 12 నుంచి 48 వోల్టులకు మార్చడానికీ మధ్యే.

48 వోల్టుల బలం కాదనలేనిది. అదే 500 వాట్లకు కరెంట్ 42 నుంచి 10.4 ఆంప్స్‌కు పడుతుంది. వైరులో నష్టం కరెంట్ వర్గంతో నడుస్తుంది కాబట్టి పదహారో వంతే మిగులుతుంది. 20 మిల్లీ ఓమ్‌ల వైరులో 35 వాట్లు పోయే చోట 2 వాట్లకు కాస్త పైన పోతాయి. 2023లో వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్ తన తక్కువ వోల్టేజ్ వ్యవస్థను 48కి మార్చింది. కానీ అది బండి మొత్తాన్ని కొత్తగా గీసుకున్నవాళ్లకు కుదిరే పని. ఉన్న 12 వోల్టుల బండిలో ఒక్క బ్రేక్ కోసం వోల్టేజ్ మార్చే కన్వర్టర్, బ్యాటరీ, ఫ్యూజులు, కనెక్టర్లు మార్చడం నాకు దుబారాగానే కనిపిస్తుంది.

అలాంటి బండికి నా ఓటు కెపాసిటర్‌కే. 2.7 వోల్టుల, 25 ఫారడ్ల సెల్స్ పది వరుసగా కలిపితే 2.5 ఫారడ్లు. దాన్ని 24 వోల్టుల దాకా నింపి 18 దాకా వాడుకుంటే 315 జూళ్లు చేతికొస్తాయి. ఒక గట్టి బ్రేక్‌కు చక్రానికి 40 జూళ్ల శక్తి అనుకున్నా, ముందు రెండు చక్రాలకు మూడు సార్లకు పైగా సరిపోతుంది. నింపడానికి 50 వాట్ల చిన్న కన్వర్టర్ చాలు, ఒక బ్రేక్‌కు ఖర్చయిన 80 జూళ్లను రెండు సెకన్ల లోపే తిరిగి నింపేస్తుంది. బ్యాటరీ నుంచి వచ్చే వైరు సన్నగా ఉన్నా ఫర్వాలేదు. సప్లై తెగిపోయినా చివరి కొన్ని బ్రేకులు మిగులుతాయి, ఇది నాకు పవర్ కంటే విలువైనది. ఇన్వర్టర్, మోటార్ మాత్రం 24 వోల్టులు తట్టుకునేవి అయి ఉండాలి. సెల్స్ మధ్య బ్యాలెన్సింగ్, అంటే అన్నిటి వోల్టేజ్ సమానంగా ఉంచడం, తప్పనిసరి. వాటిని కాలిపర్ దగ్గర ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

వెడ్జ్ బ్రేక్ సంగతీ కొందరు ఎత్తుతారు. చక్రం తిరిగే బలంతోనే ప్యాడ్ మరింత బిగుసుకునేలా చేసే పద్ధతి అది, మోటార్ చాలా చిన్నదైతే చాలు. కానీ ప్యాడ్ తడిసినా కాగినా రాపిడి మారుతుంది, దానితో పట్టు కూడా ఒక్కసారిగా మారిపోతుంది. తక్కువ ఖర్చులో చేయాలనుకునేవాళ్లు దాని జోలికి వెళ్లవద్దనే అంటాను.

ఏ దారి ఎంచుకున్నా చల్లని మోటార్ మీద తీసిన అంకెలను నమ్మకండి. రాగి నిరోధకత డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది, 20 నుంచి 120 డిగ్రీలకు వెళ్తే దాదాపు 39 శాతం. వేడెక్కిన నియోడిమియం అయస్కాంతం బలహీనపడుతుంది. అప్పుడే ఫీల్డ్ వీకెనింగ్ ఎక్కువ చేస్తే శాశ్వతంగా చెడిపోవచ్చు. అసలు కష్టం పొడవైన ఘాట్ దిగుడులో వస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ (బండి వేగాన్ని కరెంట్‌గా మార్చి బ్యాటరీకి పంపే బ్రేకింగ్) పనిచేయదు, భారమంతా ప్యాడ్ల మీదే పడుతుంది. బ్రేక్ మోటార్ తిరగకుండా బలం పట్టుకుని ఉండాలి, లోపలికి వెళ్లిన ప్రతి వాటూ వేడే అవుతుంది. అలా పది నిమిషాలు పట్టి ఉంచి, ఆ వెంటనే ఒక ఎమర్జెన్సీ బ్రేక్ వేసి, టెర్మినల్ దగ్గర వోల్టేజ్ ఎంతుందో చూడండి. నేనైతే బేరం ఆ అంకె వచ్చాకే మొదలుపెడతాను.