సీజన్ ముందు: మెట్ల పరుగా, బంతి సాధనా?

తిరుపతి కాలేజీ ఫుట్‌బాల్ జట్లలో సీజన్ ముందు ఎప్పుడూ ఇదే పంచాయితీ. ముందు దమ్ము పెంచాలని ఒకరు, మొదటి రోజే బంతి ఇవ్వాలని ఇంకొకరు.

ఖర్చు: పరుగుకు బూట్లు చాలు. బంతి సాధనకు ఆరేడు బంతులు, ఓ ఇరవై కోన్లు కావాలి.

శ్రమ: మెట్లెక్కితే దమ్ము పెరిగే మాట నిజమే. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి కదా అని మొత్తం ఎక్కించి దింపితే మాత్రం తొడ ముందు కండ, మోకాళ్లు పట్టేస్తాయి. నొప్పంతా దిగేటప్పుడే. పైగా అది భక్తుల దారి!

గాయం: బంతితో ఆడేటప్పుడు ఒక్కసారిగా పరుగందుకోవాలి, ఆగాలి, తిరగాలి. తొడ వెనక కండ చిరిగేది అక్కడే. అలా చిరగకుండా ముందునుంచే చేయించాల్సింది నార్డిక్ వ్యాయామం: మోకాళ్లపై నిలబడితే తోటివాడు చీలమండలు అదిమి పడతాడు, నడుం వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. తొలి వారం ఒక్కరోజే, 5 చొప్పున 2 సార్లు. మూడో వారానికి 3 రోజులు. మొదటిరోజే ముప్పై చేయిస్తే మర్నాడు కూర్చోలేరు.

పేరు: పరిగెత్తించే కోచ్‌కు 'స్ట్రిక్ట్' అనే పేరు తేలిగ్గా వస్తుంది. కానీ 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ను 4వ స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన హైదరాబాదు కోచ్ రహీం సాబ్‌ను ఇప్పటికీ తలుచుకునేది బంతి విద్యకే.

ఆరు వారాలుంటే మొదటి రెండూ పరుగు, తర్వాత బంతి. రెండే వారాలుంటే బంతే. గాయం నుంచి లేచినవాడికి ముందు తిన్నని పరుగు, నొప్పి లేకుండా పూర్తి వేగం అందుకున్నాకే మ్యాచ్.