పోచంపల్లి ఇక్కత్ తానుతో జాకెట్లు కుడితే: ఒక చిన్న బట్టల వ్యాపారి రివ్యూ

పోచంపల్లి చీర గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ రివ్యూ తానుల్లో మీటర్ల లెక్కన దొరికే నూలు ఇక్కత్ గురించి. దాన్ని కోసి, కుట్టి, అమ్మి, అమ్మాక ఫోన్లు కూడా ఎత్తేదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాయొచ్చనిపించింది.

సైనిక్‌పురిలో మా ఇంటి పై గదిలో రెండు కుట్టు మిషన్లు, బట్ట అంచుల దారాలు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఒకటి ఉన్నాయి. జాకెట్లు (రవికలు కాదు, బట్టల మీద వేసుకునేవి), పొట్టి కుర్తాలు, భుజానికి వేసుకునే సంచులు కుట్టిస్తాను. ఏ ఊరెళ్ళినా గుడి చూశాక నా కళ్ళు అక్కడివాళ్ళ పాత బట్టల మీదకే పోతాయి. కచ్‌లో పశువుల కాపరులు వేసుకునే కెడియు, రాజస్థాన్‌లో తాళ్ళతో కట్టుకునే అంగరఖా, లడఖ్‌లో పక్కకి మడిచి నడుముకి పట్టీ బిగించే గోంచా. ఆ కట్‌లు తీసుకుని మన దగ్గరి బట్టతో కుట్టడమే నా వ్యాపారం. కొనేవాళ్ళలో ఎక్కువమంది మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు. ఆఫీసుకి జీన్స్ మీద వేసుకోవాలి, బతుకమ్మ రోజు చీర మీదకి కూడా పనికిరావాలి అంటారు.

ముందు కొనడం సంగతి. పోచంపల్లి ఊరు హైదరాబాద్ నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు. విజయవాడ హైవే మీద వెళ్ళి ఎడమకి తిరగాలి. భూదానోద్యమం 1951లో మొదలైంది అక్కడే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చాక ఆదివారాలు కార్లు పెరిగాయి. అందుకే సరుకు కోసం వెళ్ళేవాళ్ళు మామూలు రోజున, పొద్దున్నే వెళ్ళడం మంచిది. ఆదివారం షాపువాళ్ళకి చీరల బేరమే సరిపోతుంది, తాను విప్పి చూపించే ఓపిక ఎవరికీ ఉండదు. నగరంలో కూడా ఇదే బట్ట దొరుకుతుంది, కానీ కావలసిన రంగులో ఒకే తాను నుంచి పదిహేను మీటర్లు కావాలంటే ఊరికి వెళ్ళాల్సిందే.

చూడాల్సిందేమిటంటే, తాను అంచు నుంచి ఒక్క దారం లాగి చూడండి. నిజమైన ఇక్కత్‌లో నేయకముందే నూలుకి ముడులు కట్టి రంగు వేస్తారు. సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి ఒక రంగులో ముంచుతారు, విప్పి మళ్ళీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. అందుకే లాగిన దారం మీద కొంత దూరం తెలుపు, కొంత దూరం నీలం, మళ్ళీ ఎరుపు కనిపిస్తాయి. పడుగు (నిలువు) దారంలో కనిపించకపోతే పేక (అడ్డం) దారం లాగండి, రెంటిలో ఒకదానికే రంగులు కట్టిన బట్టలు ఎక్కువ. ఇక్కత్ డిజైన్‌ని ప్రింట్ చేసిన బట్టలో రంగు పైపైనే ఉంటుంది, వెనక్కి తిప్పితే వెలవెలబోతుంది. డిజైన్ గీతల అంచులు కాస్త అలుక్కుపోయినట్టు ఉండటం అసలు బట్ట లక్షణం. గీత కత్తితో కోసినట్టు ఉందంటే నాకు అనుమానమే. ప్రింట్ అమ్మడం తప్పని నేననను. ప్రింట్ అని చెప్పి అమ్మితే చాలు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా దారం లాగి చూసే అలవాటు నేను మానలేదు.

ఆ నూలు వెనక పని ఎంతుందో తెలియాలంటే ఆసు పోయడం చూడాలి. ముడులు కట్టే ముందు పేక నూలుని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పి వరస చేయాలి. ఒక చీరకి చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తరతరాలుగా ఇంటి ఆడవాళ్ళ భుజాలు అరిగిన పని అది. తల్లి లక్ష్మి పడే బాధ చూసి చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. "మీటరుకి ఇంతెందుకండీ" అని ఎవరైనా అడిగితే నేను ధర గురించి మాట్లాడను, ఆసు పోసే వీడియో పంపిస్తాను.

ఇప్పుడు కత్తెర దగ్గరికి వద్దాం. ఇక్కడే ఈ బట్ట గుణమూ, పేచీ రెండూ బయటపడతాయి. ఇక్కత్ డిజైన్‌ని చీర పరుచుకున్న పొడవులో చూడాలని ఊహించి కడతారు. దాన్ని ఎన్ని ముక్కలు చేస్తే అంత పాడవుతుంది. నా లెక్కలో ఒక డ్రెస్సుకి కుట్లు ఎంత తక్కువుంటే ఇక్కత్ అంత బాగుంటుంది. లడఖ్ గోంచా కట్ దీనికి కుదిరినట్టు మరేదీ కుదరలేదు. ముందు వైపు ఒకటే వెడల్పాటి ముక్క, పక్కన గుండీలు. డిజైన్ ఎక్కడా తెగదు. కెడియు అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఛాతీ కింద కుచ్చులు పెట్టగానే డిజైన్ మొత్తం మడతల్లో మాయమైపోతుంది, అంత పని చేసిన బట్ట గళ్ళ లుంగీలా కనిపిస్తుంది. అంగరఖాలో ఏటవాలుగా కోయాలి కాబట్టి డిజైన్ మధ్యలో తెగుతుంది. దానికి ఒంటి రంగు మంగళగిరి బట్ట తీసుకుని, అంచుకి మాత్రం ఇక్కత్ పట్టీ వేస్తే చక్కగా వస్తుంది. మా కటింగ్ మాస్టర్‌కి మాత్రం ఇక్కత్ అంటేనే తలనొప్పి. "మేడం, ఎడమవైపు పువ్వు ఒక నూలు కిందుంది, కుడివైపు పైనుంది, నేనేం చేసేది?" అంటాడు. చేత్తో ముడి కట్టిన బట్టలో ఆ నూలు తేడా ఉంటుంది. కుట్టేముందు రెండు ముక్కలూ ఎదురెదురుగా పెట్టి కోస్తే తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. కొనేవాళ్ళకి ఆ సంగతి ముందే చెప్పాలి. నేను ప్రతి జాకెట్‌కి ఒక చీటీ కడుతున్నాను. చీటీ మొదలుపెట్టాక "రెండు వైపులా ఒకేలా లేదు" అనే ఫోన్లు బాగా తగ్గాయి.

పడుగు, పేక రెంటికీ రంగులు కట్టి నేసే డబుల్ ఇక్కత్ జోలికి కత్తెర పట్టుకుని పోవద్దు. ఒకసారి పోచంపల్లిలో ఒక పెద్దాయన దగ్గర అలాంటి ముక్క చూసి, జాకెట్‌కి ఎంత పడుతుందని అడిగాను. "గిది కోస్తరా మేడం? కోయకుండ్రి, భుజం మీద ఏసుకోండ్రి" అన్నాడు. ఆయన చెప్పింది వ్యాపార లెక్కలో కూడా సరైనదే. దుపట్టాగా అమ్మితే కుట్టు కూలీ లేదు, కోతలో వృథా లేదు. పుట్టపాక ఊళ్ళో నేసే తేలియా రుమాలు కూడా అంతే. నూలుని నూనెలో నానబెట్టే పద్ధతి వల్ల కొత్తలో చిన్న వాసన ఉంటుంది, రెండు ఉతుకులకి పోతుంది. వాసన సంగతి కొనేవాళ్ళకి చెప్పి ఇస్తే ఇంట్లో గొడవ ఉండదు.

ఉతుకు విషయంలో నా అభిప్రాయం సగం సగం. కోసేముందు తాను మొత్తం ఒక రాత్రి నీళ్ళలో నానేసి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయాలి. గంజి పోతుంది, బట్ట ఎంత ముడుచుకోవాలో అంతా అప్పుడే ముడుచుకుంటుంది. నీలం, బూడిద, ఆవపిండి పసుపు రంగులతో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఎరుపు పక్కన తెలుపు ఉన్న తానులు మాత్రం నమ్మను. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు, నాకైతే తేడా కనిపించలేదు. కొనేటప్పుడు తెల్ల రుమాలు తడిపి ఎరుపు మీద గట్టిగా రుద్దడమే నాకు తెలిసిన నమ్మకమైన పరీక్ష. షాపువాళ్ళు కాస్త చిరాకు పడతారు, పడనివ్వండి.

డబ్బు లెక్క. మామూలు ఒంటి రంగు బట్టలో చేతుల్లేని జాకెట్ మీటరున్నరలో అయిపోతుంది. ఇక్కత్‌లో డిజైన్ కలపాలంటే రెండు మీటర్లు పడుతుంది. నేను ఈమధ్య కొన్న నూలు తాను మీటరు 300 పడింది, అంటే బట్టకే 600. లైనింగ్ 120, కుట్టు కూలీ 450, గుండీలు 40, ఉతుకు, ఇస్త్రీ, సంచీ, చీటీ అన్నీ కలిపి 90. మొత్తం 1,300. అమ్మే ధర 2,390 పెట్టాను, అందులోనే జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 దాకా ధర ఉన్న రెడీమేడ్ బట్టల మీద 5 శాతం, అది దాటితే 18 శాతం. కాబట్టి ఈ వ్యాపారంలో 2,500 ఒక గోడ. 5 శాతం పన్ను 114 పోగా, కొరియర్ తీసేస్తే చేతిలో మిగిలేది తొమ్మిది వందల లోపే. అందులోంచి కరెంటు, ఫోటోలు, వెనక్కి వచ్చిన సైజులు. ఫ్యాషన్ వ్యాపారం అంటే చుట్టాలు కారు కొన్నావా అని అడుగుతారు.

ఇక్కత్ బదులు ఇంకేం దొరుకుతాయో కూడా చెప్పాలి కదా. మంగళగిరి కుట్టడానికి సులువు, మిగులు ఎక్కువ, కానీ ఫోటోలో చూసి ఎవరూ ఆగరు. చెక్క అచ్చులతో అద్దే అజ్రక్ మెత్తగా ఉంటుంది, అచ్చు డిజైన్ కాబట్టి ముక్కలు కలపడం తేలిక, ఎండలో ఎక్కువగా తిరిగేవాళ్ళకి మాత్రం రంగు కాస్త తగ్గుతుందని చెప్పి అమ్ముతాను. మష్రూ నా బలహీనత. పైన పట్టు, ఒంటికి తగిలే వైపు నూలు, లైనింగ్ అవసరమే లేదు. మన నగరంలో మష్రూని, నూలు, పట్టు కలిపి నేసే హిమ్రూని మళ్ళీ నిలబెట్టిన సురయ్యా హసన్ బోస్ 2021లో పోయారు. రాయదుర్గం దగ్గర ఆవిడ మగ్గాల మీద నేసింది ఎక్కువగా భర్త పోయిన ఆడవాళ్ళే. అలాంటి బట్టతో కుట్టిన జాకెట్ 2,500 గోడ ఎలాగూ దాటుతుంది, పైగా సూది కింద జారుతుంది. అందుకే అది ఆర్డర్ ఇచ్చినవాళ్ళకే.

పోచంపల్లి నూలు ఇక్కత్‌కి, జాకెట్ల కోసమైతే, ఐదుకి నాలుగిస్తాను. వేసుకునే కొద్దీ మెత్తబడుతుంది, హైదరాబాద్ ఏప్రిల్‌లో కూడా ఒంటికి అంటుకోదు, దూరం నుంచే గుర్తుపడతారు. ప్యాంట్లకైతే రెండే. మోకాళ్ళ దగ్గర సాగుతుంది, కుట్టు దగ్గర నూలు జరుగుతుంది, ఓవర్‌లాక్ వేసినా సరే. సంచులకి నాలుగున్నర, లోపల కాన్వాస్ లైనింగ్ వేస్తే.

జాకెట్లకి ఒక నక్షత్రం తగ్గించింది ఒకే కారణానికి. బాగా అమ్ముడైన రంగు మళ్ళీ కావాలని వెళితే అదే రంగు దొరకదు. దగ్గరగా ఉంటుంది, అదే కాదు. ముప్పై జాకెట్ల ఆర్డర్ వస్తే మొత్తం బట్ట ఒకేసారి, ఒకే ఇంటి నుంచి కొనాలి. అంత డబ్బు చేతిలో లేనప్పుడు ఎస్ నుంచి ఎక్స్‌ఎల్ దాకా అన్ని సైజులూ పెట్టకుండా, ఒక తానుకి ఎన్ని వస్తే అన్ని కుట్టి "ఈ రంగులో ఇవే" అని రాసి అమ్మండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను. బూడిద రంగులో నాలుగు ఉన్నాయి, మూడు ఎమ్, ఒకటి ఎల్.